ఒకే పొలిమేరలో మువ్వురు

జనగామ రైలుస్టేషనులో దిగి తూర్పుగా సాగిపోవు బాటసారికి పాలకుర్తి ఊరికంటె ముందు దాని గుట్ట కనబడును. ఆ గుట్టపై సోమేశ్వరుడును, లక్ష్మీనరసింహుడును ఒక్క కొండను పంచుకొని కొలువుదీరియున్నారు. శివకేశవుల తగవులతో ఎన్నియో గ్రంథములు నిండిన దేశమున ఈ పొత్తు కొంత వింతగనే తోచును. గుట్ట క్రింద ఊరు. ఊరి చుట్టు చెలకలు. చెరువు నిండిన యేట పచ్చబడు వరిమళ్ళు. ఇక్కడినుండి కొలది మైళ్ళ దూరమున ఒకవంక బమ్మెర, మరియొకవంక వల్మిడి. 2016 అక్టోబరు 11వ తేదీన వరంగల్లు జిల్లానుండి విడివడి ఏర్పడిన జనగామ జిల్లాలో ఈ మూడును పాలకుర్తి మండలములోనివే.

వల్మిడి యను పేరు వల్మీకమునుండి పుట్టినదనియు, వాల్మీకి మహర్షి అక్కడనే తపస్సు చేసెననియు ఊరివారు చెప్పుదురు. భరతఖండమున వాల్మీకి ఆశ్రమమును తమదిగా చెప్పుకొను తావులు పెక్కు కలవు. ఆ తగవు తీర్పరులకు వదలి ముందునకు పోవుటయే మేలు.

మిగిలిన రెండూళ్ళ సంగతి అట్టిది కాదు. పాలకుర్తి పేరు ఇంటిపేరుగా గల సోమనాథుడు తెలుగున ద్విపదకు పట్టముగట్టిన కవి. బమ్మెర పేరు ఇంటిపేరుగా గల పోతన తెలుగువారి ఇల్లిల్లు ఎరిగిన కవి. పాలకుర్తిలో సేద్యము చేసి, పాలకుర్తిలోనే 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసిన చిట్యాల ఐలమ్మ కవి కాదు. కౌలుభూమి దున్నించుకొని బ్రతికిన చాకలి స్త్రీ. మన పాఠశాలలలో మొదటి ఇద్దరును తెలుగు వాచకమునకు చెందినవారు; మూడవయామె సాంఘికశాస్త్రమునకు చెందినది. ఒక గంటలో తెలుగు పంతులుగారు వచ్చి పోవుదురు. మరియొక గంటలో సాంఘికశాస్త్రపు పంతులుగారు వచ్చి పోవుదురు. ఈ మువ్వురును ఒకే పొలిమేరవారని విద్యార్థికి చెప్పు గంట మాత్రము కాలపట్టికలో లేదు. వారిని ఒకచోట చేర్చి చూచినపుడు గాని కానరాని చుట్టరికమొకటి వారి నడుమ కలదు.

సోమనాథుని కాలమునుగూర్చి పండితులలో రెండు మతములు కలవు. ఆయన కాకతి రుద్రదేవ గణపతిదేవుల నాటివాడని కొందరును, చివరి ప్రభువగు ప్రతాపరుద్రుని (1289–1323) నాటివాడని కొందరును వాదించిరి. ఊరి విషయమునను వాదము లేకపోలేదు. కన్నడదేశములోని హాల్కురికె ఆయన జన్మస్థలమని చెప్పినవారు కలరు. సోమనకు తెలుగు, సంస్కృతము, కన్నడము మూడును కరతలామలకములు గనుక మూడుభాషలవారును ఆయనను తమవానినిగా తలచుటలో ఆశ్చర్యము లేదు. పాలకుర్తి పేరును, పాలకురికి యను కవి ఇంటిపేరును ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి మాత్రము సందేహము మిగులుట కష్టము.

ఏ మతమును అంగీకరించినను ఆయనది కాకతీయయుగమే. అది శిల్పుల ఉలిచప్పుడుతో దేశము మారుమ్రోగిన యుగము. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నిలిపిన రామప్పగుడిని 2021లో ప్రపంచవారసత్వ సంపదగా గుర్తించిరి. నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని గణపురమున కోటగుళ్ళు వెలసినదియు ఆ యుగముననే. రాజులును, సామంతులును శిలలు తరలించి శివునకు ఇండ్లు కట్టించుచుండగా, వీరశైవుడైన సోమన తన శివుని మెడలో ధరించి తిరిగినాడు. లింగము వక్షమున ఉన్నవానికి గుడితో పని తక్కువ. ఆ భక్తులకు కావలసినది పాట. పదుగురు కూడినచోట ఎలుగెత్తి పాడుకొనుటకు అనువగు కథ.

ఆ కథను ఏ భాషలో చెప్పవలెను? నన్నయ నాటినుండి తెలుగుకావ్యమునకు రాచబాట పడియున్నది. గద్యపద్యములు కలిసిన చంపువు, సంస్కృతవృత్తములు, దీర్ఘసమాసములు ఆ బాటకు అలంకారములు. సోమన ఆ బాటను విడిచినాడు. తాను నడచునది జాను తెనుగు త్రోవయని చెప్పుకొన్నాడు. బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును ద్విపదలో వ్రాసినాడు. పాదమునకు మూడు ఇంద్రగణములును, ఒక సూర్యగణమును చాలును. రెండు పాదములైనంతనే ద్విపద ముగియును. అయినను కథ ఆగదు. రోకటిపాటకును, ఏతపుపాటకును అలవడిన చెవికి ఆ నడక పరాయిది కాదు. ప్రాసాదినియమములందు ఆయన తీసికొన్న స్వాతంత్ర్యమును లాక్షణికులు చిరకాలము తప్పుపట్టిరి. ఆ తప్పులు తెలియక చేసినవి కావు. అనుభవసారము, వృషాధిపశతకము, చతుర్వేదసారము వ్రాసినవానికి పద్యము కట్టుట రాదని ఎవరు నమ్ముదురు?

పండితారాధ్యచరిత్రములో ఆనాటి జనుల జీవనము ఎంత దట్టముగా నిండియున్నదో చెప్పనలవి కాదు. శ్రీశైలయాత్రకు పోవు భక్తులను వర్ణించు పర్వతప్రకరణమున ఆటలు, వాద్యములు, బొమ్మలాటలు, వంటకములు, వేషములు ఒకటివెంట ఒకటి వచ్చును. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు — ఆనాడు ఊరూర వినబడిన పాటల పేర్లను సోమన చెప్పినాడు. ఆ పాటలలో పెక్కు నశించినవి. పేర్లు మాత్రము ఆయన దయచేత మనకు దక్కినవి. తెలుగువారి సాంఘికచరిత్రను వ్రాయబూనినవారు ఎవ్వరైనను సోమన గడప త్రొక్కక తప్పలేదు.

బసవపురాణము పండ్రెండవ శతాబ్దమున కల్యాణకటకమును ఏలిన బిజ్జలుని కొలువులో దండనాయకుడై, కులభేదములను కాలదన్ని శివభక్తులనెల్ల ఒక పంక్తిన కూర్చుండబెట్టిన బసవేశ్వరుని కథ. కాని అందులో బసవని కథయెంతయో, ఇతర భక్తుల కథలును అంతయే. ఆ భక్తులెవరు? బోయవాడు కన్నప్ప కలడు. శివునకు అందరును ఉన్నారు గాని తల్లి లేదే యని కనికరించి, తానే తల్లియై దేవునికి నలుగుపెట్టి, తలయంటి, పాలు త్రాగించిన బెజ్జమహాదేవి కలదు. బిడ్డకు జబ్బుచేసినదని ఆమె తల్లడిల్లిన ఘట్టమును తరగతిలో చదివి వినిపించిన ఉపాధ్యాయునకు, పల్లెటూరి పిల్లలు ఈ పురాణమును ఎంత సులువుగా గ్రహింతురో తెలియును.

ఆ భక్తులలో మడివాలు మాచయ్య యొకడు. మడివాలు అనగా చాకలి. శివభక్తుల మైలబట్టలను ఉదికి, మడతపెట్టి, మూటగట్టి ఇల్లిల్లు చేర్చుట ఆయన వ్రతము. ఆ మూటను భక్తుడు కానివాడు తాకరాదని ఆయన పట్టుదల. భక్తిలేని దొరల బట్టలు ఆయన రేవునకు రావు. రాజు బిజ్జలుని బలగమునకు వెరవలేదు. బసవని దానమునందు గర్వపుచాయ కనబడినంతనే ఆ దండనాయకుని సైతము మందలించుటకు జంకలేదు. సోమన ఈ కథను చెప్పునపుడు మాచయ్యను గొప్పవానిగా చేయుటకు పూర్వజన్మమున రాజని గాని, శాపవశమున చాకలియయ్యెనని గాని సాకులు వెదకడు. బట్టలుదుకు రేవుననే ఆ గొప్పతనము పుట్టినదని చెప్పుటకే ఆ కథ. పాలకుర్తి కవి చెప్పిన ఈ చాకలికథను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

ఈ పుస్తకము తెలుగుదేశముననే నిలువలేదు. 1369లో భీమకవి దీనిని కన్నడమున వ్రాసెను. కన్నడదేశపు వీరశైవులకు అది నిత్యపారాయణ గ్రంథమైనది. తెలుగుపండితులు మాత్రము ద్విపదను చిన్నచూపు చూచుచు శతాబ్దములు గడిపిరి. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు బసవపురాణమును విపులమైన పీఠికతో ప్రకటించిన పిమ్మట గాని సోమన విలువ విద్వల్లోకమునకు చక్కగా తెలిసిరాలేదు. 1990లో వెల్చేరు నారాయణరావుగారును, అమెరికా విద్వాంసుడు జీన్ రోగేరును కలిసి చేసిన ఆంగ్లానువాదమును ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించినది. పాలకుర్తి చాకలికథ ఆ విధముగా సముద్రములు దాటినది.

కాకతీయులు 1323లో కూలిన తరువాత తెలంగాణము రాచకొండ, దేవరకొండ పద్మనాయకుల యేలుబడిలోనికి వచ్చెను. పదునైదవ శతాబ్దమున బమ్మెరలో కేసనకును, లక్కసానికిని పోతన జన్మించెను. అన్న తిప్పన. అది శైవకుటుంబము. ఇవటూరి సోమశేఖరుడను గురువునొద్ద శైవదీక్ష పొందిన పోతన మొదట వ్రాసినది వీరభద్రవిజయము. అనగా సోమన నడచిన శైవపుత్రోవనే ఆయనయు బయలుదేరినాడు. నడుమ మలుపు తిరిగి భాగవతమునకు చేరినాడు. ఒక్క గుట్టమీద శివుని, నరసింహుని నిలిపిన సీమలో ఇది అసహజమైన ప్రయాణము కాదు.

పోతన ఏ ఊరివాడను విషయమునను పెద్ద యుద్ధమే జరిగెను. ఆయన ఏకశిలానగరమును పేర్కొన్నాడు. ఏకశిలానగరమనగా ఓరుగల్లని కొందరు, కడపసీమలోని ఒంటిమిట్టయని మరికొందరు. ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధికి పునర్వైభవము తెచ్చిన వావిలికొలను సుబ్బారావుగారు ఆ పక్షమునకు మూలస్తంభము. రెండు తావులందును పోతనకు పూజలు జరుగుచున్నవి. ఒక కవికొరకు రెండు సీమలు కలహించుట తెలుగువారికి పరువుతక్కువ కాదు. అయినను బమ్మెర యను ఇంటిపేరును, ఓరుగంటికి అంత చేరువలో అదే పేరుగల ఊరును ఉండగా, కవి పుట్టుకను దూరమున వెదకుట అనవసరమని చెప్పక తప్పదు. బమ్మెరకు పోయినవారికి గ్రామస్థులు పోతన దున్నిన మడియని ఒక పొలమును చూపుదురు. అది ఐదువందలయేండ్లనాటి మడియగునో కాదో నిరూపించు సాధనము లేదు. కాని తమ ఊరి మహాకవిని తలచుకొనునపుడు ఊరివారు చూపునది మేడను గాదు, సింహాసనమును గాదు; పొలమును.

ఆ పొలముచుట్టు అల్లుకొన్న కథను ఎరుగని తెలుగుబిడ్డ అరుదు. కవిసార్వభౌముడు శ్రీనాథుడు పల్లకిలో వచ్చును. బోయీలు లేకయే పల్లకి నడచును. దానిని చూచి పోతన కుమారుడు మల్లన ఎడ్లను విప్పివేయగా, ఎడ్లు లేకయే నాగలి సాగును. శ్రీనాథుడు తెల్లబోవును. 1943లో వాహినీవారి 'భక్తపోతన' చిత్రము ఇట్టి కథలను వాడవాడల చాటినది. చిత్తూరు నాగయ్యగారి ముఖమే పోతన ముఖమని నమ్మిన తరమొకటి ఉండెను. శ్రీనాథుడు పోతనకు బావయని చెప్పుటకు ఆధారము లేదు. కవులు సేద్యగాండ్రయిన తప్పేమని ప్రశ్నించు చాటుపద్యము పోతన పేరుతో ప్రచారమున కలదు గాని భాగవతములో లేదు. తరగతిలో ఈ భేదమును చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము. అయితే కథను కొట్టివేయుట ధర్మము కాదు. నాగలికిని, పల్లకికిని పందెము పెట్టి నాగలిని గెలిపించినవారు పండితులు కారు, పల్లెజనులు. ఆ కథ పోతననుగూర్చి చెప్పుదానికంటె దానిని చెప్పుకొన్నవారినిగూర్చి ఎక్కువ చెప్పును.

ఇక కావ్యములోనే ఉన్న సాక్ష్యమునకు వత్తము. రాజులకు కృతి నిచ్చి, ఊళ్ళును, వాహనములును, ధనమును పుచ్చుకొను త్రోవ తనది కాదని పోతన భాగవతమున స్పష్టముగా చెప్పి, దానిని శ్రీరామునకు అంకితము చేసెను. ఇది చాటువు కాదు, పీఠికలోని మాట. రాచకొండ ప్రభువగు సర్వజ్ఞసింగభూపాలుడు కృతిని కోరెననియు, కాదన్నందున కోపించి గ్రంథమును నేలలో పాతిపెట్టించెననియు చెప్పు కథకు మాత్రము గట్టి ఆధారము లేదు. పైగా ఆ సింగభూపాలుని శృంగారగాథయైన భోగినీదండకము పోతనదేయని చెప్పువారు కలరు, కాదనువారును కలరు. అది నిజముగా ఆయనదే యైనచో భాగవతపు పీఠికలోని ఆ నిరాకరణమునకు బరువు తగ్గదు, పెరుగును. కొలువు వాకిలి ఎరుగనివాడు కొలువును వలదనుట వేరు; లోపలికి తొంగిచూచి వెనుకకు మరలుట వేరు.

గ్రంథములో కొంతభాగము శిథిలమైన మాట నిజము. పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును ఏర్చూరి సింగనయు, ఏకాదశద్వాదశములను వెలిగందల నారయయు పూరించిరి. పాతిపెట్టిన కథ ఈ లోటును వివరించుటకే పుట్టియుండును. రాజు పాతినను, చెదలు తినినను మిగిలినభాగమే తెలుగువారికి చాలినది. ప్రహ్లాదుడు, గజేంద్రుడు, వామనుడు, రుక్మిణి, కుచేలుడు వీధిబడినుండి తులసికోటవరకు మన ఇండ్లలో తిరుగాడిరి.

భాషావిషయమున పోతన సోమనవలె పంతము పట్టలేదు. కొందరికి తెలుగును, కొందరికి సంస్కృతమును, కొందరికి రెండును ప్రీతియని ఎరిగి, అందరిని మెప్పించుటకు పూనుకొన్నాడు. అంత్యప్రాసల గజ్జెలు, శబ్దముల ఒయ్యారము ఆయనకు ఇష్టము. కొన్ని తావుల ఆ ఇష్టము మితిమీరుటయు కలదు. సోమన ద్విపదలో సాధింపబూనినదానిని పోతన వృత్తములలోనే సాధించుట విచిత్రము. చదువురాని గొల్లవాడును ఆయన పద్యమును రాగముతీసి పాడెను. సోమన కావ్యముకంటె పోతన కావ్యము ప్రజలలోనికి దూరముగా పోయినదన్న సత్యమును ద్విపదాభిమానులును అంగీకరింపవలసినదే. దానికి కారణము శబ్దమాధుర్యము మాత్రమే యనుట చాలదు. కన్నతండ్రియు, దేశమేలు ప్రభువును ఒకడేయై యెదుట నిలిచి హుంకరించినపుడు, బెదరక, అరువక, మర్యాద తప్పక మారుపలికిన పసివాని కథను తెలుగుజనము తమ కథగా ఎందుకు స్వీకరించినదో ఈ నేలలో తరువాత జరిగినదానిని చూచినవారికి తెలియును.

పోతన తరువాత ఈ సీమను సాహిత్యచరిత్రలు చాలకాలము మరచిపోయినట్లుండును. అసఫ్జాహీల యేలుబడిలో కచేరిలోను, బడిలోను తెలుగునకు చోటు కరవైనది. నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తినుండి 1922లో ఒద్దిరాజు సోదరులు 'తెనుగు పత్రిక'ను వెలువరించుట ఆ స్థితిలో ఎంత సాహసమో ఊహింపవచ్చును. ఆ జిల్లాలోనే చిన్నగూడూరున 1925లో దాశరథి కృష్ణమాచార్యయు, 1928లో ఆయన తమ్ముడు రంగాచార్యయు పుట్టిరి. వారి కథ వేరుగా చెప్పదగినది. ఇక్కడ అవసరమైనది ఆ కాలపు పల్లె.

జనగామ తాలూకా ఆనాడు నల్లగొండ జిల్లాలో చేరియుండెను. పాలకుర్తికి సమీపమున విసునూరు కలదు. ఆ దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి చేతిలో 40,000 ఎకరముల భూమియు, అరువది గ్రామములును ఉండెనని తెలంగాణ పోరాటచరిత్రలు చెప్పుచున్నవి. దేశముఖు మాటయే చట్టము. వృత్తులవారందరును దొర ఇంటికి వెట్టి చేయవలసినదే. కుమ్మరి కుండ లిచ్చును, మాదిగ చెప్పులు కుట్టును, చాకలి బట్టలుదుకును, అంట్లు తోమును. కూలి యన్న మాట లేదు. సోమన మాచయ్యకు ఇచ్చిన గౌరవమునకును, ఆయన ఊరిలోనే ఆయన తరువాత ఆరేడు శతాబ్దములకు చాకలివారికి దక్కినదానికిని ఎంత దూరమో చూడుడు. ఆ పురాణము పుట్టిన ఊరు ఆ పురాణమును చదువుటకు నోచుకొనలేదు.

ఐలమ్మ 1895 సెప్టెంబరు 26న రాయపర్తి ప్రాంతమున క్రిష్ణాపురములో పుట్టెను. భర్త చిట్యాల నర్సింహ. పాలకుర్తిలో కాపురము, కొడుకులు, ఒక కూతురు. కులవృత్తితో కడుపు నిండని సంసారము. మల్లంపల్లి దొరవద్ద నలుబది ఎకరములు కౌలునకు తీసికొని, అందు నాలుగెకరములను సాగుచేయించి వరి పండించెను. చాకలి స్త్రీ భూమి పట్టి సేద్యము చేయుట, తన ధాన్యము తన ఇంటికి తెచ్చుకొనుట ఆ ఊరి పట్వారికిగాని, విసునూరు దొరకుగాని సహింపరాని విషయమైనది. మా పొలములోనికి వచ్చి వెట్టి చేయుమని కబురు వచ్చెను. ఆమె పోలేదు.

ఇంతలో కాలము మారుచుండెను. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన ఆంధ్రమహాసభ పిమ్మట పల్లెపల్లెను సంఘములు పుట్టినవి. జనులు దానిని 'సంఘం' అని మాత్రమే పిలిచిరి. ఐలమ్మ సంఘములో చేరెను. ఆమెమీదను, సంఘపు నాయకులమీదను అభియోగములు వచ్చిపడెను. కుటుంబములోని మగవారు చెరసాల పాలయిరి. ఆ భూమి తమదేయని దేశముఖు పక్షమువారు దావా తెచ్చిరి. కొండా లక్ష్మణ్ బాపూజీ ఆమె పక్షమున వాదించెను. తీర్పు ఐలమ్మకు అనుకూలముగా వచ్చెను. నైజాము కచేరిలో చాకలిస్త్రీ దేశముఖుపై గెలుచుట చిన్న సంగతి కాదు. ఆ దావా కాగితములను నేటి విద్యార్థులెవరైన వెదకి పరిశోధించిన ఎంత బాగుండును!

కాగితముమీది గెలుపు కల్లమువరకు రాదు. పంట కోతకు వచ్చినపుడు దానిని కోసికొనిపోవుటకు దొర తన మనుషులను దండుగా పంపెను. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలగు సంఘపు కార్యకర్తలు కర్రలు పట్టి పొలమున నిలిచిరి. వారు కొలదిమంది, వచ్చినవారు పెక్కుమంది. అయినను తరిమినది ఆ కొలదిమందియే. పంట కోయబడినది, ధాన్యము దొర గడీకి గాక ఐలమ్మ ఇంటికి చేరినది. తరువాత ఆమె పడిన బాధలు చెప్పుటకు మనసొప్పదు. ఇంటికి నిప్పు పెట్టిరి. బిడ్డలను హింసించిరి. ఆమె భూమిని మాత్రము విడువలేదు.

పాలకుర్తి ధాన్యము కథ చుట్టుప్రక్కల ఊళ్ళకు పాకిపోయెను. ఇప్పటి దేవరుప్పుల మండలములోని కడవెండి గ్రామమున 1946 జులై 4వ తేదీన ఊరేగింపుగా పోవుచున్న జనముపై దేశముఖు మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అటుపై సాయుధపోరాటము రగిలి, 1948 సెప్టెంబరులో నైజాము రాజ్యము భారతదేశమున కలిసిన పిదపను కొనసాగి, 1951 అక్టోబరులో విరమింపబడినది. ఆ పోరాటపు గుణదోషముల విచారణ చరిత్రకారుల పని. అంత పెద్ద కథకు తొలిపుటలలో నాలుగెకరముల వరిచేను కలదన్నది మాత్రము ఎవ్వరును కాదనలేదు.

ఐలమ్మ ఏమి చేసెనో నాయకుల గ్రంథములవలన తెలిసినది. ఆమె ఏమనుకొన్నదో తెలిపినది మరియొక పుస్తకము. తెలంగాణ పోరాటమున పాల్గొన్న స్త్రీలవద్దకు పోయి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, స్త్రీశక్తి సంఘటనవారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'ను ప్రచురించిరి. అప్పటికి ఆమె గతించి ఏడాది నిండినదో లేదో. అందులో ఐలమ్మ తన కథను తన మాటలతో, పాలకుర్తి నుడికారముతో తానే చెప్పినది. వ్యాకరణము దిద్దినవారు లేరు. దొరకిన మాటను దొరకినట్లు నిలిపినారు. కోపము, వెక్కిరింత, దుఃఖము, పౌరుషము ఒకదాని వెంట ఒకటి ఆమె పలుకులలో దొర్లును. పండితుల తెలుగును కాదని జాను తెనుగును చేపట్టిన సోమన ఈ పుటలను చదివినచో, తన ఊరి పలుకును తప్పక గుర్తుపట్టియుండును. సోమన బ్రతుకు ఆయన కావ్యములవలన లీలగా తెలియును. పోతన బ్రతుకు కావ్యమువలన కొంత, కట్టుకథలవలన కొంత తెలియును. ఐలమ్మ ఒక్కతె తన నోట తాను చెప్పుకొన్నది.

మాచయ్య కథను ఇక్కడ మరల తలచుకొనవలసి యున్నది. ఐలమ్మ బసవపురాణమును చదివి తిరుగబడెనని చెప్పినచో అది అతిశయోక్తి. అట్టిదానికి ఆధారము లేదు. సోమన మాచయ్యకు కోపము దేవునికొరకు వచ్చినది. ఐలమ్మకు కోపము బియ్యముకొరకు వచ్చినది. ఆ రెంటిని ఒకటి చేయుట ఇద్దరికిని అన్యాయము. కాని మూటను తాకనీయని చాకలిని సోమన ఈ ఊరి పేరుతో తెలుగుకావ్యమున నిలిపినాడు. ధాన్యమును తాకనీయని చాకలి స్త్రీ ఆ ఊరిలోనే బ్రతికినది. ఇంత దగ్గరగా నిలిచిన ఈ ఇద్దరిని మన పాఠ్యపుస్తకములు ఒకరికొకరిని పరిచయము చేయలేదు. తెలుగు పంతులుగారును, సాంఘికశాస్త్రపు పంతులుగారును ఒకరోజు పిల్లలను తోడ్కొని కలిసి బయలుదేరినచో పాలకుర్తి గుట్టయు, బమ్మెర మడియు, ఐలమ్మ పొలముండిన తావును ప్రొద్దుగూకులోపల చూచి రావచ్చును. ప్రయాణము పెద్దది కాదు.

హైదరాబాదు కోఠిలో తెల్లని స్తంభములతో నిలిచిన పెద్దభవనము పందొమ్మిదవ శతాబ్దపు తొలియేండ్లలో బ్రిటిషు రెసిడెంటు కర్క్పాట్రిక్ నైజాము కొలువుకు ఎదురుగా కట్టించిన దర్బారు మందిరము. 1949నుండి అది ఆడపిల్లల కళాశాల. పిమ్మట మహిళా విశ్వవిద్యాలయము. 2024లో తెలంగాణ ప్రభుత్వము ఆ విశ్వవిద్యాలయమునకు చాకలి ఐలమ్మ పేరు పెట్టుటకు నిశ్చయించినది. పాలకుర్తి చాకలి స్త్రీ పేరు ఇప్పుడు తెలుగు చదువుకొను బాలికల పట్టాలమీద అచ్చుపడుచున్నది; ఆ బాలికలలో కొందరికి పరీక్షలో సోమనాథుని ద్విపదయు, పోతన పద్యమును ప్రశ్నలుగా వచ్చును.